వాన పడకముందే దోమల పని పట్టాలి

తొలి వానకు ముందు ఒక పూట కేటాయించుకుని ఇంటి చుట్టూ తిరిగి, నీళ్లు నిలిచే చోట్లన్నీ చూడండి. కుండీల కింది పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే, ఏసీ నీళ్లు పట్టే బకెట్, ముడతలు పడిన టార్పాలిన్, పాత టైరు, ఆకులు అడ్డుపడిన చూరు గొట్టం. డెంగీని మోసుకొచ్చే ఈడిస్ దోమకు సీసా మూతలో నిలిచే నీరు కూడా సరిపోతుంది.

నీళ్లు పారబోసి ఊరుకుంటే పని సగమే అయినట్టు. ఈడిస్ గుడ్లు నీటిలో ఉండవు. నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీరు తగిలితే పొదుగుతాయి. అందుకే గట్టి బ్రష్‌తో లోపలి గోడను రుద్ది, ఆ కడుగు నీళ్లను కాలువలో కాకుండా ఎండిన నేల మీద పొయ్యాలి. వెచ్చటి రోజుల్లో గుడ్డు పొదిగాక వారం, పది రోజులకే దోమ లేస్తుంది కాబట్టి ఈ పని వారానికొకసారి తప్పదు.

ఖాళీ చేయలేని ట్యాంకుకు బిగుతైన మూత, దాని గాలి గొట్టానికి సన్నటి మెష్ కావాలి. తామర తొట్టిలో లేబుల్ మీది మోతాదు ప్రకారం బీటీఐ (దోమ పిల్లలను చంపే ఒక బ్యాక్టీరియా) బిళ్లలు వేస్తే లార్వాలు, అంటే నీటిలోని దోమ పిల్లలు చస్తాయి, చేపలకేమీ కాదు. దోమగా మారే ముందరి ప్యూపా దశకు చేరినవి మేత ముట్టవు, కాబట్టి వాటికి ఈ మందు పట్టదు. వేసిన రెండు మూడు రోజుల్లో కొన్ని దోమలు లేస్తే మందు నకిలీదనుకోకండి.

కిటికీ మెష్ రంధ్రం 1.5 మిల్లీమీటర్లకు మించకూడదు. ఈడిస్ పగలే కుడుతుంది, కాబట్టి పసిపిల్లల పగటి నిద్రకూ దోమతెర కట్టాలి. వరండాలో కూర్చునేటప్పుడు ఫ్యాన్ గాలి కాళ్ల వైపు తిప్పుకోండి, గాలికి ఎదురు ఎగిరే సత్తువ దోమకు అంతగా లేదు. నిమ్మగడ్డి నాటినంత మాత్రాన తోటకు దోమలు రావడం మానవు. అల్ట్రాసోనిక్ పరికరాలైతే శుద్ధ దండగ.

తోటపనికి పొడుగు చేతుల చొక్కా వేసుకుని, 20–30 శాతం డీట్ లేదా 20 శాతం పికారిడిన్ ఉన్న, దోమలను దూరం పెట్టే మందు ఒంటికి రాసుకోండి. సన్‌స్క్రీన్ ముందు, ఇది తర్వాత. డీట్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, కళ్లజోడు, వాచీ జాగ్రత్త. పిల్లలకు మీ చేత్తోనే రాయండి, వాళ్ల అరచేతులకు మాత్రం వద్దు. రెండు నెలల్లోపు పసికందులకు ఏ మందూ రాయకూడదు, తెర ఒక్కటే. పని అయ్యాక సబ్బుతో కడిగేసుకోవాలి.