కొత్త లైబ్రరీకి పాత కళ – పాఠం 3: ఇనుప ర్యాకుకు చెక్క అంచు

కిందటి పాఠంలో తెల్ల ట్యూబులైట్లు తీసేసి 3000 కెల్విన్ పసుపు వెలుగు పెట్టుకున్నాం. ఆ వెలుగు పడేసరికి బూడిదరంగు ఇనుప ర్యాకులు మరీ గోడౌన్ సామానులా కనిపిస్తున్నాయి కదా? వాటిని మార్చనక్కర్లేదు, ముస్తాబు చేస్తే చాలు.

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయాన్ని ఒకసారి తీరిగ్గా చూడండి. 1891లో అసఫియా లైబ్రరీగా మొదలై, 1936లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. అలాంటి పాత కట్టడాల్లో గోడైనా, గుమ్మమైనా మందంగా ఉంటుంది. పాతదనం ముందు ఆ మందంలోనే తెలుస్తుంది, నగిషీలు తర్వాతి మాట. మన ర్యాకు రేకు మందం ఒక మిల్లీమీటరు. అందుకే ఎన్ని బొమ్మలు తగిలించినా దానికి నిండుదనం రాదు.

కాబట్టి ర్యాకు నిలువు కాళ్ల ముందు ముప్పావు అంగుళం మందం టేకు పట్టీలు బిగిద్దాం. ఆ కాళ్లకు వాడే L ఆకారపు ఇనుప యాంగిల్‌కు ఎలాగూ రంధ్రాలుంటాయి. వెనక నుంచి వాటిలోంచే అర అంగుళం స్క్రూలు ఎక్కిస్తే సరిపోతుంది, వెల్డింగ్ అక్కర్లేదు.

పట్టీ వెడల్పు దగ్గర మాత్రం తొందరపడకండి. నేను మొదటిసారి అందంగా ఉంటుందని నాలుగు అంగుళాల పట్టీ వేయించాను. చూడ్డానికి బాగుంది. కానీ ప్రతి అరలోనూ చివరి పుస్తకం దాని వెనక ఇరుక్కుపోయింది. ఒక పెద్దాయన నిఘంటువు లాగబోతే అట్ట చిరిగింది. చాలా బాధేసింది. ఆ పట్టీలన్నీ ఊడదీసి రెండంగుళాలకు కోయించాను. పట్టీ కాలును కప్పాలి, పుస్తకాన్ని కప్పకూడదు. రెండు ర్యాకులు ఆనుకున్న చోట రెండు కాళ్లనూ కలిపి కొలిచి, ఒకే పట్టీ వేయండి.

అరల అంచుకు సన్న పట్టీ చాలు. దాని పై అంచు అర మట్టాన్ని దాటకూడదు. అరను పైకీ కిందికీ జరిపే వీలు పోకుండా పట్టీని అరకే బిగించండి, కాళ్లకు కాదు. పక్కలకు టేకు వెనీర్ (పలుచని టేకు పొర) అంటించిన ప్లైవుడ్ వేయండి. పైన రెండంగుళాలు ముందుకు వచ్చే చెక్క అంచు (కార్నిస్), కింద నాలుగంగుళాల అడుగు పట్టీ (స్కర్టింగ్) చాలు. బరువు పెరుగుతుంది కాబట్టి ర్యాకును గోడకు బిగించడం మరిచిపోవద్దు.

అభ్యాసం: చెక్క కొనకముందే న్యూస్‌పేపర్‌ను రెండంగుళాల పట్టీలుగా కత్తిరించి ఒక్క ర్యాకుకు అంటించండి. పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. రెండు రోజులు అలాగే ఉంచి, పుస్తకం తీసేవాళ్ల చెయ్యి ఎక్కడ తగులుతోందో గమనించండి. కాగితం నలిగిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ కొలతలతోనే వడ్రంగి దగ్గరికి వెళ్దాం.