సెల్‌ఫోన్ నెట్‌వర్క్ పాఠాలు – 4: గీతలు నిండుగా ఉన్నా వీడియో ఎందుకు ఆగుతుంది?

ఈరోజు హ్యాండోవర్ గురించి, అంటే ఫోన్ ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు మారడం గురించి చెప్పాలి. పోయినసారి ఇచ్చిన అభ్యాసం చాలామందిని ఇబ్బంది పెట్టింది కాబట్టి హ్యాండోవర్‌ను వచ్చే పాఠానికి జరుపుతున్నాను.

ఊళ్లో మూడు చోట్ల ఫోన్‌లోని యాప్‌తో సిగ్నల్ కొలిచి, పక్కనే స్పీడ్ రాయమన్నాను. సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో కనిపిస్తుంది, కొందరు ఆ మైనస్ దగ్గరే తడబడ్డారు. మైనస్ 105 కన్నా మైనస్ 85 ఎక్కువ. తేడా 20 డీబీ (డెసిబెల్, బలం ఎన్ని రెట్లో చెప్పే కొలత), అంటే వంద రెట్లు. 3 డీబీ పెరిగితే రెట్టింపు, 10 డీబీ పెరిగితే పది రెట్లు. నేను ఈ రెండింటితోనే లెక్క లాగించేస్తాను, కాలిక్యులేటర్ తీయను.

అసలు చిక్కు ఇది. కడప ఏడు రోడ్ల కూడలిలో మైనస్ 80 చూపిన ఫోన్‌లో వీడియో ఆగి ఆగి నడిచింది. పాలకొండల కింద పొలంలో మైనస్ 100 ఉన్నా హాయిగా నడిచింది. "యాప్ తప్పు చూపిస్తోంది సార్" అని రాశారు. యాప్ సరిగ్గానే చూపించింది. గీతలు నిండితే స్పీడ్ వస్తుందన్న నమ్మకమే తప్పు. దీన్ని ఇవాళ మనసులోంచి తీసేయాలి.

తిరునాళ్లలో రెండు మైకుల మధ్య నిలబడి చూడండి. రెండూ గట్టిగానే మోగుతాయి, మాట మాత్రం ఒక్కటీ తెలియదు. అదే పొలంలో అవతలి గట్టు మీంచి తమ్ముడు పిలిస్తే, గొంతు సన్నగా వినిపించినా మాట స్పష్టంగా అందుతుంది. ఫోన్‌కూ అంతే. తన టవర్ ఎంత గట్టిగా వినిపిస్తోందన్నది సగం సంగతే. పక్క టవర్ అదే ఫ్రీక్వెన్సీలో చేసే రొద కన్నా అది ఎన్ని రెట్లు ఎక్కువన్నదే ముఖ్యం.

లెక్క వేద్దాం. కూడలిలో మన టవర్ మైనస్ 80, పక్కది మైనస్ 83 అనుకోండి. తేడా 3, అంటే రెండు రెట్లే. పొలంలో మనది మైనస్ 100, పక్కది మైనస్ 115. తేడా 15, అంటే ఐదు 3లు: రెండును ఐదుసార్లు గుణిస్తే 32 రెట్లు. సిగ్నల్ రొద కన్నా ఎన్ని రెట్లో చెబితే గరిష్ఠ స్పీడ్ చెప్పే సూత్రాన్ని 1948లో గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ ఇచ్చారు. అందులో వేస్తే, 10 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఫ్రీక్వెన్సీ పట్టీ మీద కూడలిలో గరిష్ఠంగా సెకనుకు సుమారు 16 మెగాబిట్లు, పొలంలో సుమారు 50. సిగ్నల్ వంద రెట్లు బలంగా ఉన్నచోటే స్పీడ్ మూడో వంతుకు పడిపోయింది. ఈ పేరా అర్థం కాకపోతే ముందుకు వెళ్లకండి, మళ్లీ చదవండి.

ఇది నెట్‌వర్క్‌ను అమర్చిన తీరు వల్ల వచ్చేదే. ఊరిని ఆరు పలకల సెల్స్‌గా (ఒక్కో టవర్ చూసుకునే ప్రాంతం ఒక సెల్) విడగొట్టాలన్న ఆలోచనను 1947లో బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ రింగ్ కాగితం మీద పెట్టారు. ఏడేసి సెల్స్‌ను గుంపుగా కట్టి ఫ్రీక్వెన్సీలను ఏడు వాటాలు చేస్తే, ఒకే వాటా వాడే టవర్ల మధ్య దూరం సెల్ వ్యాసార్థానికి సుమారు 4.6 రెట్లు ఉంటుంది. రొద తగ్గుతుంది, కానీ ఒక్కో టవర్‌కు ఏడో వంతే దక్కుతుంది. 4జీలో సాధారణంగా ప్రతి టవరూ మొత్తం ఫ్రీక్వెన్సీని వాడుకుంటుంది. టవర్ దగ్గరున్నవాళ్లకు అది లాభం, రెండు సెల్స్ అంచున ఉన్నవాళ్లకు నష్టం.

అందుకే కొత్త టవర్ వేసినంత మాత్రాన కష్టం తీరదు. యాంటెన్నాను కాస్త కిందికి వంచి, పవర్ సరిచేయకపోతే కొత్త అంచులు పుట్టి రొద పెరుగుతుంది. నేనైతే ముందు ఆ వంపే చూస్తాను.

పెద్ద దర్గా ఉరుసు నాటి సంగతి ఇంకొకటి. అక్కడ రొద లేకపోయినా ఉన్న 50 మెగాబిట్లను వేలమంది పంచుకోవాలి. అలాంటప్పుడు సెల్స్‌ను చిన్నవి చేయడమే దారి. చక్రాల మీద తాత్కాలిక టవర్లు తెచ్చేది అందుకే.

అభ్యాసం: మీ ఇంటి నుంచి బస్టాండ్ దాకా నడవండి. ప్రతి 200 అడుగులకు ఆగి మన టవర్ సిగ్నల్, అన్నిటికన్నా బలమైన పక్క సెల్ సిగ్నల్, స్పీడ్ రాయండి. ఉదయం 6కి ఒకసారి, రాత్రి 8కి ఒకసారి, మూడు రోజులు. తేడా 3 కన్నా తక్కువున్న చోట్లను మ్యాప్ మీద ఎర్రగా గుర్తుపెట్టి పంపండి. హ్యాండోవర్ పాఠం ఆ ఎర్ర చుక్కల దగ్గరే మొదలుపెడదాం.