అండమాన్ వెళ్లాలంటే ముందు ఫెర్రీ టికెట్, ఆ తర్వాతే హోటల్

అండమాన్ ప్లాన్ చేసేవాళ్లలో చాలామంది ఒకే వరసలో వెళ్తారు. ముందు విమానం, తర్వాత మంచి రిసార్ట్, అన్నీ అయ్యాక, వెళ్లేముందు వారంలో దీవుల మధ్య తిరిగే ఫెర్రీ. అప్పటికి హేవ్‌లాక్ దీవిలో హోటల్ 12వ తేదీకి ఉంటుంది, ఫెర్రీలో సీటు 13కి దొరుకుతుంది. ఇక అక్కడి నుంచి ఫోన్లు, టెన్షన్, ఇంట్లో గొడవలు. వరస మార్చుకుంటే ఇవేవీ ఉండవు.

నెల సంగతి త్వరగా తేల్చేద్దాం. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య వెళ్లండి. మే నుంచి వానలు, నవంబర్, డిసెంబర్‌లలో బంగాళాఖాతంలో తుపాన్ల భయం. క్రిస్మస్ సెలవులకు అందరూ వెళ్తారు కాబట్టి మీరు వెళ్లకండి, రేట్లూ ఎక్కువే, జనమూ ఎక్కువే. విమానం హైదరాబాద్ నుంచి నేరుగా ఉంటుంది, లేదంటే చెన్నై మీదుగా పోవచ్చు. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది కానీ అది నెలకు ఒకటీ రెండుసార్లు, సముద్రం మీదే రెండు మూడు రోజులు పోతుంది, వారం సెలవు పెట్టుకుని వెళ్లేవాళ్లకు పనికిరాదు.

పేర్లు చూసి కంగారుపడకండి. 2018లో హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అని, 2024లో విమానం దిగే పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీ విజయపురం అని పేర్లు మార్చారు. టికెట్ మీద ఏ పేరు ఉన్నా ఊరు ఒకటే.

ఇప్పుడు రోజుల లెక్క. ఐదు రాత్రులు కావాలి, అంతకంటే తక్కువైతే వెళ్లొద్దు. మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్, తర్వాత రెండు రాత్రులు హేవ్‌లాక్, ఒక రాత్రి నీల్, చివరి రాత్రి మళ్లీ పోర్ట్ బ్లెయిర్. ప్యాకేజీ వాళ్లు దీన్ని తలకిందులు చేసి పోర్ట్ బ్లెయిర్‌లో మూడు రాత్రులు ఉంచి, హేవ్‌లాక్‌ని ఒక్క రాత్రితో ముగిస్తారు, ఎందుకంటే పోర్ట్ బ్లెయిర్‌లో హోటళ్లు చవక, వాళ్ల కార్లూ అక్కడే ఉంటాయి. మీరు వెళ్లేది హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్ కోసమా, ట్రాఫిక్ కోసమా? బారాటాంగ్ దీవిని కూడా ఈ ఐదు రోజుల్లో కలపకండి. తెల్లవారుజామున లేచి కాపలాతో గుంపుగా వదిలే బళ్ల కాన్వాయ్ కోసం లైన్లో నిలబడి, జారవా తెగవాళ్ల అడవి మీదుగా వెళ్లి రావడానికి ఒక రోజంతా పోతుంది. ఆ మనుషుల్ని చూడొచ్చన్న ఆశతో వెళ్లేవాళ్లు అసలే వెళ్లకూడదు, ఫొటో తీయడం నేరం కూడా.

ఇక అసలు సంగతి, ఫెర్రీ. దీని దగ్గర మాత్రం తొందరపడొద్దు.

విమానం టికెట్ కొన్న రోజే ఫెర్రీలు చూడండి. మూడు ప్రయాణాలుంటాయి: పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్, అక్కడి నుంచి నేరుగా నీల్, నీల్ నుంచి వెనక్కి. ఈ మూడింటికీ సీట్లు చేతిలో పడ్డాకే హోటల్ డబ్బు కట్టండి. మాక్రుజ్, నాటికా, గ్రీన్ ఓషన్ లాంటి ప్రైవేటు ఫెర్రీలు హేవ్‌లాక్‌కి ఇంచుమించు గంటన్నర నుంచి రెండున్నర గంటల్లో చేరుస్తాయి. ప్రభుత్వ ఫెర్రీ చాలా చవక, కాకపోతే స్థానికులకే ముందు ప్రాధాన్యం, అది న్యాయమే కూడా, వాళ్లకది మన ఊరి బస్సు లాంటిది. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి, అవసరానికి ఆదుకునేదిగా ఉంచుకోండి.

టికెట్ మీద జెట్టీ, అంటే ఫెర్రీ ఎక్కే రేవు పేరు చదవండి. సాధారణంగా ప్రైవేటువి హడ్డో నుంచి, ప్రభుత్వానివి ఫీనిక్స్ బే నుంచి బయల్దేరతాయి. ఒకచోటికి వెళ్లాల్సింది ఇంకోచోటికి వెళ్లి, లగేజీతో ఆటో కోసం పరుగులు పెట్టే కుటుంబాలను అక్కడ మామూలుగా చూస్తుంటాం. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి, ఒరిజినల్ కార్డు చేతిలో ఉండాలి, గంట ముందు జెట్టీలో ఉండాలి.

దిగిన రోజే హేవ్‌లాక్ వెళ్లిపోదామని చూడకండి. విమానం గంట ఆలస్యమైతే ఫెర్రీ మీకోసం ఆగదు. ఇంకా ముఖ్యమైంది తిరుగు ప్రయాణం. నీల్ నుంచి ఉదయం ఫెర్రీ ఎక్కి మధ్యాహ్నం విమానం పట్టుకుందామనే ప్లాన్ ఎవరు వేసి ఇచ్చినా చించేయండి. గాలి మారితే సర్వీసులన్నీ ఆపేస్తారు. 2016 డిసెంబర్‌లో వాతావరణం చెడి హేవ్‌లాక్, నీల్‌లలో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుంటే నేవీ ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. ఫెర్రీ రద్దయితే టికెట్ డబ్బు తిరిగి వస్తుంది, వెళ్లిపోయిన విమానం తిరిగి రాదు. అందుకే చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే. రద్దని మెసేజ్ వస్తే గదిలో కూర్చుని ఫోన్లు చేయకుండా నేరుగా జెట్టీ కౌంటర్‌కి వెళ్లండి, సీట్లు ముందు దొరికేది అక్కడే.

కడుపులో తిప్పేవాళ్లు ఎక్కడానికి అరగంట ముందే డాక్టర్ చెప్పిన మాత్ర వేసుకోవాలి, పడవ ఊగడం మొదలయ్యాక వేసుకుంటే అది కూడా బయటికే వస్తుంది. ఇడ్లీ తినండి, పూరీ వద్దు. ఫోన్ చూడకుండా కిటికీలోంచి దూరంగా ఆకాశం, నీళ్లు కలిసే గీతను చూడండి.

మిగతావి తేలిక. అక్కడ గడియారం మనదే కానీ సూర్యుడు ముందుంటాడు, చలికాలంలో ఐదు, ఐదున్నరకే చీకటి పడుతుంది, కాబట్టి రాధానగర్‌లో సూర్యాస్తమయం చూడాలంటే నాలుగింటికల్లా ఇసుక మీద ఉండాలి. స్కూబా డైవింగ్ హేవ్‌లాక్‌లో రెండో రోజే పెట్టుకోండి, డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. ఆస్తమా, బీపీ ఉంటే డైవ్‌కి ముందు నింపే ఫారంలో దాచకండి. ఏటీఎంలు తక్కువ, పోర్ట్ బ్లెయిర్‌లోనే నగదు తీసుకోండి.

సెల్యులార్ జైలుకి మొదటి రోజు మధ్యాహ్నం వెళ్లండి, ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో మాత్రం ముందే కనుక్కోండి. గైడ్‌ని పెట్టుకుని నిదానంగా తిరగండి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పిల్లలకు ఆ సంగతి చెప్పి మరీ లోపలికి తీసుకెళ్లండి. బయట ఆటోవాళ్లతో, దుకాణాల్లో తెలుగులో మాట్లాడి చూడండి, ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి, మంచి చేపల పులుసు ఎక్కడ దొరుకుతుందో వాళ్లకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

బీచ్‌లో ఏరిన పగడపు ముక్కలు, గవ్వలు బ్యాగులో వేసుకోకండి. ఎయిర్‌పోర్టులో స్కానింగ్‌లో దొరికిపోతారు, కేసు పెట్టగలరు. పిల్లల జేబులు హోటల్‌లోనే ఒకసారి చూసేయండి.