ఐస్ మీద చేపల వేట – 2వ పాఠం: అడుగు పెట్టే ముందు

లైసెన్సు, బట్టలు, బూట్ల సంగతి మొదటి పాఠంలో అయిపోయింది. గాలం జోలికి ఇంకా వెళ్లం. ఈ పాఠమంతా ఐస్ గురించే. మినెసోటా సరస్సులను మనసులో పెట్టుకుని రాస్తున్నది ఇది. విస్కాన్సిన్, మిషిగన్‌లలోనూ ఐస్ చూసే పద్ధతి ఇదే, వేట నియమాలు మాత్రం ఎక్కడివక్కడ చూసుకోవాలి.

"ఈ లేక్ మీద ఐస్ ఎంత ఉంది?" అని అందరూ అడుగుతారు. బెయిట్ షాపులో, అంటే ఎరలమ్మే దుకాణంలో, ఐదు అంగుళాలంటారు. అందులో అబద్ధమేమీ ఉండదు. చెప్పినాయన కూర్చున్న చోట ఐదే ఉండొచ్చు, అక్కడికి వంద అడుగుల దూరంలో రెండే ఉండొచ్చు. సరస్సు మొత్తానికి ఒకే మందం ఉండదు. ఆ అంకె ఇంటి నుంచి బయల్దేరాలా వద్దా తేల్చుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

ఎందుకిలా? నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లబడ్డ నీరు తేలికై పైన నిలిచి గడ్డకడుతుంది, 4 డిగ్రీల నీరు అడుగున ఉండిపోతుంది. ఆ అడుగు నీటిని పైకి తెచ్చేది ఏదున్నా అక్కడ ఐస్ పలచబడుతుంది. నేల ఊటలు, వాగు వచ్చి కలిసే చోటు, నీరు బయటికి పోయే చోటు, వంతెన కింద ఇరుకు దారి, చేపలకు గాలి అందడానికి పెట్టిన ఏరేటర్ల చుట్టుపక్కల, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మినెటోంకా సరస్సులో ఒక బే (ఒడ్డు లోపలికి వంగిన భాగం) నుంచి ఇంకో బేకి పోయే చానెళ్లలో, అంటే ఇరుకు నీటిదారుల్లో, నీరు కదులుతూ ఉంటుంది. పక్క బేలో పది అంగుళాలున్నా చానెల్ మీదికి వెళ్లొద్దు. రెల్లు పొదల మొదళ్లు, డాక్ స్తంభాలు, ఐస్‌లో ఇరుక్కున్న దుంగలు ఎండను పీల్చుకుంటాయి కాబట్టి వాటి చుట్టూ కూడా మెత్తబడుతుంది. బాతులు, గీస్ గుంపులు ఆలస్యంగా వదిలివెళ్లిన చోట ఉండేది చుట్టుపక్కల దానికన్నా కొత్త ఐస్. పైకి తేడా కనబడదు.

స్నో పడితే చలికి ఐస్ గట్టిపడుతుందనుకుంటారు. జరిగేది వేరు. పైనున్న స్నో చలిగాలిని ఐస్‌కు తగలనివ్వదు, పెరుగుదల నెమ్మదిస్తుంది. స్నో బరువుకు ఐస్ కిందికి కుంగితే పగుళ్లలోంచి నీరు పైకి ఉబికి స్నోతో కలిసి స్లష్, అంటే తడి ముద్ద, అవుతుంది. ఆ స్లష్ గడ్డకడితే తెల్ల ఐస్. దాంట్లో గాలి బుడగలుంటాయి, బలం నల్ల ఐస్‌లో సగమే. నల్ల ఐస్ అంటే పారదర్శకంగా ఉండి కింది నీటి చీకటి కనబడేది, గట్టిది అదే. బూడిదరంగులో ఉంటే నీరు పట్టిందని అర్థం, దాని మీద కాలు పెట్టొద్దు.

కొత్త నల్ల ఐస్‌కు మినెసోటా సహజవనరుల శాఖ చెప్పే కొలతలివి: మనిషి నడవడానికి 4 అంగుళాలు, స్నోమొబైల్‌కు (స్నో మీద నడిపే చిన్న బండికి) 5 నుంచి 7, చిన్న కారుకు 9 నుంచి 10, మధ్యరకం పికప్‌కు 13. తెల్ల ఐస్ అయితే ఇవన్నీ రెట్టింపు. రెండూ కలిసి ఉంటే తెల్లదాన్ని సగానికి లెక్కేయండి. 3 అంగుళాలు నల్లది, 2 అంగుళాలు తెల్లది ఉందంటే చేతిలో ఉన్నది 4. నలుగురు ఒకేచోట గుమిగూడితే ఆ 4 చాలదు. కారు విషయం మాత్రం మొదటి ఏడాది వాళ్లు ఆలోచించనే వద్దు. మునిగిన బండిని 30 రోజుల్లోగా బయటికి తీయించే బాధ్యత యజమానిదే, ఖర్చూ అతనిదే.

ఇక పనిముట్లు. స్పడ్ బార్ ఒకటి: నాలుగైదు అడుగుల ఇనుప కడ్డీ, కొసన ఉలి అంచు ఉంటుంది, మన గడ్డపారకు దగ్గరి చుట్టం. పై కొసకు తాడు కట్టి మణికట్టుకు తగిలించుకోవాలి, లేకపోతే ఐస్ చీలిన రోజున అది నేరుగా అడుక్కి పోతుంది. 6 అంగుళాల చేతి ఆగర్ ఒకటి, అంటే ఐస్‌లో రంధ్రం తొలిచే బర్మా. మెడలో వేసుకునే ఐస్ పిక్స్ జత, అంటే పిడికి మేకు ఉన్న రెండు ముక్కలు. వీటిని బ్యాగులో పెట్టుకుంటే దండగ. 50 అడుగుల తాడు, బూట్లు జారకుండా తగిలించుకునే క్లీట్స్, కోటు మీద లైఫ్ జాకెట్.

నడిచే పద్ధతి ఇది. మోకాలి లోతు నీళ్లుండే ఒడ్డు దగ్గర ఆగర్‌తో ఒక రంధ్రం చేసి మందం కొలవండి. సరిగ్గా 4 అంగుళాలున్న చోట దొరికితే పక్కనే స్పడ్‌తో గట్టిగా పొడుస్తూ ఎన్ని పోట్లకు నీరు వచ్చిందో లెక్కపెట్టుకోండి. బార్ బరువు, చేతి బలం మనిషి మనిషికీ మారతాయి కాబట్టి మీ లెక్క మీరే తెలుసుకోవాలి. తర్వాత ప్రతి రెండు మూడు అడుగులకోసారి, చేయి చాచినంత దూరంలో, ఒకేచోట రెండు పోట్లు వేస్తూ సాగండి. పోటుకు నీరు కనబడిందా, అక్కడే ఆగి, కాళ్లు ఎత్తకుండా ఈడుస్తూ వచ్చిన దారినే వెనక్కి రండి. పక్కకు తిరిగి చుట్టుదారి వెతకొద్దు. ఇద్దరు వెళ్తే ఒకరి వెనక ఒకరు, ముప్పై అడుగుల ఎడంతో నడవాలి.

స్పడ్ దారి చూపిస్తుంది, అంకె చెప్పదు. అంకె కోసం ప్రతి 150 అడుగులకు ఆగర్ దించాలి. ముందు స్నో తోసేయండి, అది మందంలోకి రాదు. ఎడమచేత్తో పైపిడిని నిటారుగా పట్టి, కుడిచేత్తో గడియారం తిరిగే వైపు తిప్పండి. మీద పడి నొక్కితే బ్లేడు ఇరుక్కుంటుంది, దాని పదునే దాన్ని దించాలి. మధ్యలో ఉన్నట్టుండి జారి మళ్లీ పట్టుకుంటే పొరల మధ్య స్లష్ ఉన్నట్టు, అప్పుడు పై పొరనే లెక్కలోకి తీసుకోండి. నీరు తగలగానే ఆగర్‌ను నిటారుగా పైకి లాగితే ముక్కలన్నీ బయటపడతాయి, మిగిలినవి చిల్లుల గరిటెతో తీసేయొచ్చు. బ్లేడుకు ఐస్ పేరుకుంటే నేలకేసి కొట్టొద్దు, బ్లేడు కోణం మారితే ఇక కోయదు. రంధ్రంలో ముంచి తిప్పితే కరిగిపోతుంది.

కొలవడానికి టేపు కన్నా సన్నని కర్ర మేలు. కొసన మేకు ఎల్ ఆకారంలో వంచి కొట్టి, అక్కడి నుంచి అంగుళాల గీతలు పెట్టుకోండి. రంధ్రంలో దించి, మేకును ఐస్ అడుగంచుకు తగిలించి పైకి లాగి పట్టి, ఐస్ పైభాగం దగ్గర గీత చూడాలి. రంధ్రం గోడలో తెల్ల పొర ఎంతవరకుందో కూడా అప్పుడే చూసుకోవచ్చు.

రాత్రిళ్లు ఐస్ గర్జిస్తుంది, ఢామ్మని మోగుతుంది. చలి పెరిగి తగ్గేటప్పుడు అది సంకోచించి వ్యాకోచించే శబ్దం. దానికి భయపడక్కర్లేదు. కాలికింద చిటపటమని పగుళ్లు పాకుతుంటే మాత్రం వెనక్కి తిరగాల్సిందే.

పెద్ద సరస్సుల్లో మందం సరిపోయినా గాలితో ప్రమాదం ఉంది. ఒడ్డు వైపు ఐస్ చీలితే మొత్తం పలక మనుషులతో సహా కదిలిపోతుంది. 2023 డిసెంబర్ 29న మినెసోటాలోని అప్పర్ రెడ్ లేక్‌లో అలా విడిపోయిన పలక మీద చిక్కుకున్న వందమందికి పైగా వేటగాళ్లను సహాయక సిబ్బంది ఒడ్డుకు చేర్చాల్సివచ్చింది. ఒడ్డు నుంచి బయటి వైపు గట్టి గాలి వీచే రోజున, సీజన్ మొదట్లో, అలాంటి చోటికి పోకండి.

ఐస్ పగిలి నీళ్లలో పడితే గుర్తుంచుకోవాల్సిన లెక్క 1-10-1. మొదటి నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది. ఆ నిమిషం ఏమీ చేయకుండా తల పైకి పెట్టి శ్వాస నిలదొక్కుకోండి. తర్వాత పది నిమిషాల వరకు చేతులు పనిచేస్తాయి. స్పృహ తప్పడానికి సుమారు గంట పడుతుంది. వచ్చిన దిక్కుకే తిరగండి, ఎందుకంటే అంతదాకా మిమ్మల్ని మోసిన ఐస్ అదే. పిక్స్ గుచ్చి, కాళ్లు ఈతలోలా తన్నుతూ పొట్ట మీద పైకి పాకండి. పైకొచ్చాక లేవొద్దు, దొర్లుకుంటూ దూరం పోవాలి. ఒడ్డున ఉన్నవాళ్లు ముందు 911కి ఫోన్ చేయాలి, ఆ తర్వాత పడుకుని తాడు విసరాలి. పరుగెత్తి దగ్గరికి పోతే ఇద్దరూ మునుగుతారు.

వేటకు రానివాళ్లకూ ఈ పాఠం చూపించండి. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఫోటో కోసం నాలుగడుగులు ఐస్ మీదికి దిగడం మనవాళ్లకు అలవాటు. 2022 డిసెంబర్ 26న ఆరిజోనాలోని వుడ్స్ క్యానియన్ లేక్‌లో ఐస్ పగిలి ముగ్గురు తెలుగువాళ్లు చనిపోయారు.

మార్చి ఐస్‌కు పై అంకెలేవీ వర్తించవు. ఎండకు అది నిలువు పుల్లలుగా విడివడుతుంది. పది అంగుళాలున్నా స్పడ్ ఒక్క పోటుకే దిగిపోతుంది. ఒడ్డు వెంట నీరు కనబడిందంటే ఆ ఏటికి వేట అయిపోయినట్టే.

3వ పాఠానికి రావడానికి ముందు ఇంటి పని ఒకటి: మేకు కర్ర తయారుచేసుకోండి, ఒడ్డు దగ్గర ఒక రంధ్రం చేసి నల్ల పొర, తెల్ల పొర విడివిడిగా కొలిచి రాసుకోండి. బ్లూగిల్, క్రాపీ అనే చిన్న చేపలకు రెండు పౌండ్ల లైను (గాలం దారం), చిన్న టంగ్‌స్టన్ జిగ్ (బరువున్న గాలపు కొక్కెం) కట్టడం అప్పుడు చూద్దాం.