ప్రోటీన్ నిర్మాణంలో రెసిడ్యూ కాంటాక్టులు లెక్కించడం: కటాఫ్ ఎంపిక నుంచి కాంటాక్ట్ మ్యాప్ దాకా

ఒకే ప్రోటీన్ ఫైలును ఇద్దరికిచ్చి కాంటాక్టులు, అంటే ఒకదాన్నొకటి తాకుతున్న రెసిడ్యూల (గొలుసులోని అమైనో ఆమ్లాల) జతలు, లెక్కపెట్టమంటే, ఒకరి జాబితా రెండోవారి జాబితాకు రెట్టింపు ఉండొచ్చు. అయినా ఇద్దరి లెక్కా సరైనదే కావచ్చు. ఫైలులో ఉండేవి పరమాణువుల నిరూపకాలు. ఎంత దగ్గరైతే తాకినట్టు అన్నది మనం పెట్టుకునే నియమం. కాబట్టి కోడు జోలికి పోకముందే మూడు సంగతులు రాసుకోండి: ఏ పరమాణువుల మధ్య దూరం కొలుస్తున్నాం, కటాఫ్ (తాకినట్టు లెక్కించే గరిష్ఠ దూరం) ఎంత, వరుసలో ఎంత దగ్గరగా ఉన్న జతల్ని వదిలేస్తున్నాం.

ఏ కొలత ఎప్పుడు

వాడుకలో ఉన్నవి ప్రధానంగా మూడు. ఆల్ఫా కార్బన్ల (గొలుసు వెన్నెముకలో సైడ్ చెయిన్ అతికే కార్బన్లు) మధ్య 8 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ నానోమీటర్‌లో పదో వంతు) లోపు దూరం. బీటా కార్బన్ల (సైడ్ చెయిన్, అంటే రెసిడ్యూ పక్కకొమ్మ, మొదటి కార్బన్లు) మధ్య 8 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు దూరం. నిర్మాణాన్ని ఊహించే పద్ధతుల్ని బేరీజు వేసే క్యాస్ప్ పోటీల్లో ఇదే ప్రమాణం. ఇక రెండు రెసిడ్యూల్లోని హైడ్రోజన్ కాని పరమాణువుల్లో అతి దగ్గరి జత మధ్య 4.5 లేదా 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు దూరం.

మడత మొత్తం ఆకారం కావాలంటే బీటా కార్బన్ కొలత చాలు. గ్లైసిన్‌కు బీటా కార్బన్ ఉండదు కాబట్టి అక్కడ ఆల్ఫా కార్బన్ తీసుకోవాలి, లేదా నైట్రోజన్, ఆల్ఫా కార్బన్, కార్బొనిల్ కార్బన్‌ల స్థానాల నుంచి ఊహా బీటా కార్బన్‌ను కట్టుకోవాలి. ఈ చిన్న సంగతి మరిచిపోతే ప్రోగ్రామ్ ఆగిపోయినా నయమే. చప్పుడు లేకుండా గ్లైసిన్లన్నిటినీ వదిలేసి ముందుకు పోతేనే ప్రమాదం.

ఏ రెసిడ్యూ దేన్ని పట్టుకుని ఉంది, మ్యుటేషన్ చేస్తే ఏం తెగుతుంది అన్నది ప్రశ్న అయితే మూడో కొలతే వాడండి. లైసిన్ సైడ్ చెయిన్ పూర్తిగా చాచుకుంటే ఆల్ఫా కార్బన్ నుంచి చివరి నైట్రోజన్ 6 ఆంగ్‌స్ట్రామ్‌లకు పైగా దూరంలో ఉంటుంది. అలాంటి లైసిన్ ఒక ఆస్పార్టేట్‌తో సాల్ట్ బ్రిడ్జ్ (ఎదురు ఆవేశాల మధ్య బంధం) కట్టినప్పుడు రెండు ఆల్ఫా కార్బన్ల మధ్య దూరం 8 దాటిపోవచ్చు. మొదటి కొలతకు ఆ బంధం కనబడదు. ఇందుకు భిన్నంగా, పక్కపక్కనే ఉన్నా సైడ్ చెయిన్లు చెరో వైపు తిరిగిన రెసిడ్యూలను అదే కొలత కాంటాక్టుగా లెక్కేస్తుంది.

4.5 అన్న అంకె గాల్లోంచి ఊడిపడింది కాదు. కార్బన్ వాన్ డర్ వాల్స్ వ్యాసార్ధం సుమారు 1.7 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే రెండు కార్బన్లు ఆనుకుంటే కేంద్రాల మధ్య 3.4. నడుమ ఒక నీటి అణువు దూరాలంటే మరో 2.8 కావాలి, మొత్తం 6.2. అందుకే 4.5, 5 దగ్గర గీత గీస్తే కొంచెం సడలింపు దొరుకుతుంది, నీరు నడుమ ఉన్న జతలు లోపలికి రావు.

ఫైలును శుభ్రం చేయడం

పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడివే, కాబట్టి ఓపిక ఇక్కడే ఖర్చుపెట్టండి.

ముందుగా, డౌన్‌లోడ్ చేసింది అసిమెట్రిక్ యూనిటా (సౌష్ఠవంతో స్ఫటికమంతా కట్టగల అతి చిన్న భాగం), బయోలాజికల్ అసెంబ్లీనా (జీవంలో పనిచేసే పూర్తి అణువు) చూడండి. మానవ ఆక్సీహీమోగ్లోబిన్ నిర్మాణం 1హెచ్‌హెచ్‌ఓ ఫైలులో ఒక ఆల్ఫా, ఒక బీటా గొలుసు మాత్రమే ఉంటాయి. నాలుగు గొలుసుల అణువు కావాలంటే స్ఫటిక సౌష్ఠవంతో మిగతా సగాన్ని పుట్టించాలి. డీఆక్సీ రూపం 2హెచ్‌హెచ్‌బీలో నాలుగూ ఉంటాయి. ఈ రెంటినీ ఉన్నవున్నట్టు పోల్చితే, ఆక్సిజన్ చేరగానే గొలుసుల మధ్య కాంటాక్టులు సగానికి పైగా పోయాయన్న వింత నిర్ణయం చేతికొస్తుంది.

తర్వాత ప్రత్యామ్నాయ స్థానాలు. ఒకే సైడ్ చెయిన్‌ను రెండు భంగిమల్లో నమోదు చేసి ఉంటే, ఆక్యుపెన్సీ (ఆ భంగిమ ఎంత వంతు అణువుల్లో ఉందో చెప్పే సంఖ్య) ఎక్కువ ఉన్నదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేయండి. హైడ్రోజన్ కాని, బంధం లేని రెండు పరమాణువుల మధ్య 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు దూరం కనబడిందంటే తొలి అనుమానం దీనిమీదే.

పాత పీడీబీ (ప్రోటీన్ డేటాబ్యాంక్) ఫార్మాట్‌ను ఖాళీల ఆధారంగా విడగొట్టవద్దు. అది స్థిర నిలువు వరుసల ఫార్మాట్: గొలుసు పేరు 22వ స్థానంలో, ఇన్సర్షన్ కోడ్ (ఒకే నంబరున్న రెసిడ్యూలను వేరుచేసే అక్షరం) 27లో, నిరూపకాలు 31 నుంచి 54 వరకు. అంకెలు పెద్దవైతే పక్కపక్క వరుసలు అతుక్కుపోతాయి. డేటాబ్యాంక్ కొత్త ఫార్మాట్ ఎంఎంసిఫ్‌లో ఈ బాధ లేదు కానీ అక్కడ రెసిడ్యూ నంబర్లు రెండు రకాలు, ఒకటి రచయితలు ఇచ్చింది, రెండోది డేటాబ్యాంక్ ఇచ్చింది. ఏదో ఒకదానికే కట్టుబడండి. యాంటీబాడీల్లో 52, 52ఏ రెండు వేర్వేరు రెసిడ్యూలు. ఇన్సర్షన్ కోడ్ వదిలేస్తే ఒకదాని మీద ఒకటి పడతాయి.

సెలీనోమెథియోనిన్ (మెథియోనిన్‌లో గంధకం బదులు సెలీనియం ఉన్నది) హెటరో పరమాణువుల (ప్రామాణిక రెసిడ్యూలకు చెందనివి) కింద నమోదవుతుంది కాబట్టి, "ప్రోటీన్ పరమాణువులు మాత్రమే" అని వడపోస్తే అదీ పోతుంది. ఎన్ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం) పద్ధతితో కనుగొన్న నిర్మాణపు ఫైలులో అనేక మోడళ్లుంటాయి. వాటిని కలిపేయకుండా మోడల్‌వారీగా లెక్కించి, ఒక కాంటాక్ట్ ఎన్ని మోడళ్లలో ఉందో చెప్పండి. నిర్మాణాన్ని ఊహించే ఏఐ ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్ ఇచ్చే ఫైలులో బీ ఫ్యాక్టర్ (మామూలుగా పరమాణువు కదలికను చెప్పేది) వరుసలో ఉండేది పీఎల్‌డీడీటీ స్కోరు, అంటే ఒక్కో రెసిడ్యూ ఊహ ఎంత నమ్మదగినదో 100కి చెప్పేది. అది 50 లోపున్న చోట కనబడే కాంటాక్టుల్ని నమ్మవద్దు. రెండు డొమైన్ల (విడిగా మడతపడే భాగాల) మధ్య కాంటాక్టులకైతే స్కోరు 90 దాటినా సరిపోదు, పీఏఈ పట్టిక (రెసిడ్యూల పరస్పర స్థానాల్లో ఉండగల దోషం అంచనా) కూడా చూడాలి.

లెక్క కట్టడం

300 రెసిడ్యూల ప్రోటీన్‌లో హైడ్రోజన్ కాని పరమాణువులు సుమారు 2400, జతలు దాదాపు 29 లక్షలు. ఒక్క నిర్మాణానికైతే నేరుగా లెక్కించినా కంప్యూటర్‌కు కష్టం కాదు. వేల నిర్మాణాలైతే కేడీ ట్రీ (దగ్గరి బిందువుల్ని వేగంగా వెతికే పద్ధతి) వాడండి. పైథాన్ లైబ్రరీ బయోపైథాన్‌లోని నైబర్ సెర్చ్ ఆ పని చేస్తుంది. కోడు రాయని వారికి నిర్మాణాల్ని చూపే ప్రోగ్రామ్ కైమెరాఎక్స్‌లో కాంటాక్టుల ఆదేశం ఉంది. అయితే అది కేంద్రాల దూరాన్ని కాకుండా వాన్ డర్ వాల్స్ గోళాల అతివ్యాప్తిని కొలుస్తుంది. దాని సంఖ్యల్ని 4.5 కటాఫ్ సంఖ్యలతో పోల్చకూడదు. సిమ్యులేషన్లను విశ్లేషించే లైబ్రరీల్లో ఎండీట్రాజ్ దూరాల్ని నానోమీటర్లలో ఇస్తుంది, ఎండీఅనాలిసిస్ ఆంగ్‌స్ట్రామ్‌లలో. మొదటిదానికి 4.5 అని ఇస్తే ప్రతి రెసిడ్యూ దాదాపు ప్రతి రెసిడ్యూనూ తాకుతుంది.

వరుసలో పక్కపక్కనున్న ఆల్ఫా కార్బన్ల మధ్య దూరం ఎలాగూ 3.8 ఆంగ్‌స్ట్రామ్‌లే, హెలిక్స్‌లో (మెలితిరిగిన భాగంలో) నాలుగు రెసిడ్యూల అవతలిది 6 పైచిలుకు. వీటివల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు. కనీసం మూడు స్థానాల తేడా లేని జతల్ని వదిలేయండి; మడత గురించి మాట్లాడుతుంటే 6, దూరపు కాంటాక్టులే కావాలంటే 24. ఈ వడపోత ఒకే గొలుసు లోపలే పనిచేయాలి. ‘ఏ’ (A) అన్న గొలుసులోని 50కీ, ‘బీ’ (B) అన్న గొలుసులోని 51కీ వరుసలో చుట్టరికం లేదు, కానీ నంబర్లు మాత్రమే చూసే కోడు వాటిని తీసిపారేస్తుంది. జాబితాలోని క్రమసంఖ్య వాడటమూ తప్పే: 45 తర్వాత నమోదైంది 52 అయితే, మధ్యలోని ఆరూ కనబడకపోయినా అవి పొరుగువి కావు.

రకాలు పెట్టడం

దూరాన్ని బట్టి జాబితా వచ్చాక రకం చూడాలి. ఆమ్ల సైడ్ చెయిన్ ఆక్సిజన్, క్షార సైడ్ చెయిన్ నైట్రోజన్ 4 లోపుంటే సాల్ట్ బ్రిడ్జ్. దాత, గ్రహీత పరమాణువుల మధ్య 3.5 లోపుండి, హైడ్రోజన్ దగ్గర కోణం 120 డిగ్రీలు దాటితే హైడ్రోజన్ బంధం. గంధకాల మధ్య 2.05 దగ్గర్లో ఉంటే డైసల్ఫైడ్. ఇంతకు మించి వర్గాలు పెంచితే పట్టిక బాగుంటుంది గానీ ప్రతి కొత్త వర్గం కొత్త కటాఫ్‌ను వెంట తెస్తుంది.

ఒక చిక్కుంది. మామూలు ఎక్స్‌రే రిజల్యూషన్‌లో ఆస్పరజిన్, గ్లుటమిన్ చివరి నైట్రోజన్‌నూ ఆక్సిజన్‌నూ విడమరచడం కష్టం. అటుదిటుగా పెట్టి ఉండొచ్చు. అప్పుడు దాత గ్రహీత అవుతుంది. నిర్మాణాల్ని తనిఖీ చేసే ప్రోగ్రామ్ మోల్‌ప్రాబిటీతో తిప్పి చూసి, హైడ్రోజన్లు చేర్చాకే హైడ్రోజన్ బంధాల లెక్క మొదలుపెట్టండి. రిజల్యూషన్ 3 ఆంగ్‌స్ట్రామ్‌లకన్నా నాసిగా ఉంటే సైడ్ చెయిన్ వివరాలు వదిలేసి బీటా కార్బన్ కాంటాక్ట్ మ్యాప్‌తో (రెండు అక్షాల మీదా రెసిడ్యూ నంబర్లు పెట్టి, కాంటాక్ట్ ఉన్న ప్రతి జతకూ చుక్క పెట్టే పటం) సరిపెట్టుకోవడం మేలు.

తెలిసిన నిర్మాణంతో సరిచూడటం

క్రాంబిన్ నిర్మాణం 1సీఆర్ఎన్ తీసుకోండి: 46 రెసిడ్యూలు, 3–40, 4–32, 16–26 మధ్య మూడు డైసల్ఫైడ్లు. మీ కోడు ఈ మూడింటినీ చూపకపోతే ముందుకు వెళ్లవద్దు. తర్వాత 76 రెసిడ్యూల యుబిక్విటిన్, 1యూబీక్యూ. మ్యాప్‌లో 23–34 హెలిక్స్ ప్రధాన కర్ణానికి అంటుకున్న పట్టీగా కనబడాలి (దగ్గరి జతల వడపోతను తాత్కాలికంగా తీసేస్తేనే). 1–7, 10–17 స్ట్రాండ్‌లు (చాచుకున్న గొలుసు భాగాలు) ఎదురెదురు దిశల్లో ఉంటాయి కాబట్టి వాటి గీత కర్ణానికి అడ్డంగా. 1–7, 64–72 ఒకే దిశలో కాబట్టి వాటి గీత సమాంతరంగా. లైసిన్ 27, ఆస్పార్టేట్ 52 మధ్య సాల్ట్ బ్రిడ్జ్ జాబితాలో ఉండాలి. తోక చివర్లో ఆక్యుపెన్సీ 1 కన్నా తక్కువ, కాబట్టి అక్కడి కాంటాక్టులకు గుర్తు పెట్టండి.

ఇదే లెక్కను 4, 4.5, 5 ఆంగ్‌స్ట్రామ్‌ల కటాఫ్‌లతో మూడుసార్లు నడపండి. మీ నిర్ణయం ఒక్క కటాఫ్ దగ్గరే నిలబడుతుంటే అది ప్రోటీన్ గుణం కాకపోవచ్చు.

సిమ్యులేషన్ (అణువుల కదలికను కంప్యూటర్‌లో నడిపి చూడటం) ఫ్రేముల్లో కాంటాక్ట్ గీత దగ్గర మిణుకుమిణుకుమంటుంది. 4.5 లోపలికొస్తే ఏర్పడినట్టు, 6 దాటితేనే తెగినట్టు రెండు గీతలు పెట్టుకుంటే ఆ గోల తగ్గుతుంది. దానికి ముందు ఆవర్తన పెట్టె (ఒక అంచు దాటిన పరమాణువు ఎదుటి అంచు నుంచి లోపలికొచ్చే సిమ్యులేషన్ పెట్టె) అంచుల్లో విడిపోయిన గొలుసుల్ని కలపాలి. వరుస ఫ్రేములు ఒకదానికొకటి దగ్గరి పోలికే, కాబట్టి కాంటాక్ట్ శాతంలో ఎంత తేడా రావచ్చో ఫ్రేముల సంఖ్య నుంచి కట్టవద్దు. పరుగును నాలుగైదు ముక్కలు చేసి, ముక్కల మధ్య తేడా నుంచి కట్టండి.