చేతిలో ఫోన్ ఉంటే చాలు: యూట్యూబ్‌లో మొదటి వీడియో ఎలా పెట్టాలి?

వీడియోలు చేయాలని అనుకోగానే చాలామంది కెమెరా రేట్లు చూడటం మొదలుపెడతారు. అది తర్వాత చూసుకోవచ్చు. ఇప్పుడు కొనాల్సినవి కాలర్ మైక్, చిన్న ట్రైపాడ్. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలోనో, అబిడ్స్ జగదీశ్ మార్కెట్లోనో దొరుకుతాయి. మైక్‌ని షాపులోనే మీ ఫోన్‌కి పెట్టి, రికార్డు చేసి, విని మరీ డబ్బులివ్వండి. టైప్-సి ఫోన్‌కి గుండ్రటి పిన్ను మైక్ తెచ్చుకుంటే మళ్లీ కోఠి దాకా వెళ్లాలి.

1. విషయం చిన్నగా ఎంచుకోండి

‘హైదరాబాద్ విశేషాలు’ అంటే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలీదు. ‘లాడ్ బజార్‌లో లక్క గాజు ఎలా చేస్తారు’ అనుకోండి, పని సులువవుతుంది. లక్కను వేడి చేస్తారు, మెత్తబడ్డాక సాగదీస్తారు, గుండ్రంగా వంచుతారు, ఆ వేడి మీదే రాళ్లు అద్దుతారు. అవే మీ నాలుగు షాట్లు. వేరే స్క్రిప్టు అక్కర్లేదు.

గిరాకీ తక్కువున్న టైమ్‌లో వెళ్లి, ‘భాయ్, వీడియో తీసుకోవచ్చా?’ అని ముందే అడగండి. వద్దంటే పక్క కొట్టు ఉండనే ఉంది. చార్మినార్, గోల్కొండ లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

2. షూటింగ్

లెన్స్ తుడవండి. జేబులోంచి తీసిన ఫోన్‌తో మసక వీడియోలు తీసి, కెమెరాను తిట్టుకునేవాళ్లు ఎక్కువ. వెనక కెమెరా వాడండి, క్వాలిటీ 1080పి చాలు. అది కూడా చాలా ఫోన్లలో నిమిషానికి 100 ఎంబీ పైనే తింటుంది కాబట్టి ఫోన్‌లో చోటు ముందే ఖాళీ చేసుకోండి. ఫ్లైట్ మోడ్‌లో పెడితే మధ్యలో కాల్స్ రావు.

ప్రతి షాట్‌నూ కదలకుండా పది సెకన్లు పట్టుకోండి. ఒకసారి దూరం నుంచి మనిషిని, ఒకసారి బాగా దగ్గరగా చేతుల్ని తీయండి. గాజులో రాయి కూర్చునే ఆ క్షణం కోసమే జనం చూస్తారు, కొట్టు బోర్డు కోసం కాదు.

లైట్ల కింద తీసినప్పుడు తెర మీద చారలు పాకుతున్నాయా? మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి తగ్గట్టే లైట్లు కంటికి తెలీకుండా మిణుకుమంటాయి. కెమెరా యాప్‌లోని ప్రో మోడ్‌లో షటర్ స్పీడు 1/50 లేదా 1/100 సెకను పెడితే చాలావరకు పోతాయి. ప్రో మోడ్ లేకపోతే పగటి వెలుగు పడేచోటికి జరగండి.

3. సౌండ్

నా మట్టుకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. బొమ్మ కాస్త అటూఇటూ ఉన్నా సర్దుకుంటారు, మాట వినపడకపోతే మాత్రం వెంటనే తీసేస్తారు. బజార్లో మీరు మాట్లాడితే ఆటో హారన్లే వినిపిస్తాయి. అక్కడి చప్పుడు కొంచెం రికార్డు చేసుకుని, మీ మాటలు ఇంటికొచ్చి చెప్పండి. పరుపు, దుప్పట్లు, కర్టెన్లు ఉన్న గదిలో గొంతు గింగురుమనదు. ఫ్యాన్ ఆపండి, కుక్కర్ విజిల్స్ అయ్యేదాకా ఆగండి. రాసింది చదవకుండా, చెల్లెలికో బాబాయికో చెబుతున్నట్టు చెప్పండి.

4. ఎడిటింగ్

వీఎన్, యూట్యూబ్ క్రియేట్ లాంటి ఉచిత యాప్‌లు సరిపోతాయి. ముందు రికార్డు చేసిన మీ గొంతు పరిచి, దాని మీద షాట్లు పేర్చండి. ‘హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు మై ఛానల్’ తీసేసి నేరుగా వేడి లక్కతో మొదలుపెట్టండి. సినిమా పాట మాత్రం వాడొద్దు. ఇతరుల పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ పట్టేస్తే యాడ్స్ డబ్బు పాట హక్కుదారుకి పోవచ్చు, వీడియో బ్లాక్ కూడా కావచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది.

5. అప్‌లోడ్

ఛానల్‌కి ఫోన్ నంబర్ వెరిఫై చేసుకోండి. లేకపోతే 15 నిమిషాలు దాటిన వీడియో ఎక్కదు. టైటిల్‌ను జనం వెతికే మాటల్లో పెట్టండి. ముందు అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా) పెట్టి, లింకు ఇంట్లోవాళ్లకి పంపండి. వాళ్లు ఎక్కడ బోర్ కొట్టిందంటే అక్కడ కత్తిరించి, తర్వాత పబ్లిక్ చేయండి.

యాడ్స్ డబ్బుకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ కావాలి. మొదట్లో ఆ లెక్కకంటే యూట్యూబ్ స్టూడియో యాప్‌లోని రిటెన్షన్ గ్రాఫ్, అంటే జనం ఎక్కడిదాకా చూశారో చూపే గీత, చూడండి. గీత ఏ సెకను దగ్గర జారిపోయిందో ఆ చోట మీరేం చెబుతున్నారో విని, రెండో వీడియోలో అలాంటిది తగ్గించండి.