'లేట్' ఎక్కడ పెడితే ఏ అర్థం?

దేవరకొండ బస్సు ఆలస్యమైతే 'ద బస్ ఈజ్ 20 మినిట్స్ లేట్' అనాలి. నిమిషాలు ముందు, లేట్ వెనక. దేనికి ఆలస్యమో చెప్పాలంటే 'ఫర్' కలపాలి: 'లేట్ ఫర్ ద ఎగ్జామ్'.

అసలు చిక్కంతా మనుషుల గురించి రాసేటప్పుడే. 'ద డ్రైవర్ ఈజ్ లేట్' అంటే డ్రైవర్ ఇంకా రాలేదని. 'ద లేట్ డ్రైవర్' అంటే మాత్రం ఆయన చనిపోయాడని! అందుకే లీవ్ లెటర్‌లో బతికున్న తండ్రిని 'మై లేట్ ఫాదర్' అని పొరపాటున కూడా రాయొద్దు. పనులకు, పంటలకు ఆ భయం లేదు. పాలమూరులో అదును దాటాక పత్తి పెడితే అది 'లేట్ సోయింగ్'.

'లేట్ జూన్' అంటే జూన్ నెల చివరి రోజులు.

'హి కేమ్ లేట్లీ' అనకండి, 'హి కేమ్ లేట్' చాలు. 'లేట్లీ' అంటే ఈమధ్య.